పిల్లికి పిడుదుల మందు

మదనపల్లె,
జూన్ 9, 2025.

మామూకు తరన్నుమ్ రాసేది. అస్సలాము అలైకుం.

ఫోన్ చేస్తే మీకు సగమే వినిపిస్తుంది. ఆ సగానికే కోప్పడి పెట్టేస్తారు. ఉత్తరమైతే మొత్తం చదివాకే కోప్పడతారు కదా అని రాస్తున్నాను.

మా ఇంట్లో ఒక పిల్లి ఉన్న సంగతి మీకు తెలియదు. పోయిన ఏడాది ఎలుకలు ఒక పెళ్లికూతురి పట్టు జాకెట్టును భుజం దగ్గర కొరికేశాయి. ఆ వారమే ఇది మెట్ల కింద కనబడింది. పాలు పోశాను, ఉండిపోయింది. అప్పటి నుంచి కుట్టుగదిలో ఎలుక మాట లేదు. ఒంటి మీద చారలు చుట్టలు చుట్టలుగా ఉంటాయని జిలేబీ అని పిలుస్తున్నాను. నేను మిషను తొక్కుతుంటే పక్కన గుడ్డముక్కల బుట్టలో పడుకుంటుంది. మా ఆయన ఫహీమ్ టమాటా లారీ తీసుకుని చెన్నైకి పోతే మూడు నాలుగు రోజులు రాడు. ఆ రోజుల్లో నేను మాట్లాడేది దానితోనే.

ఇప్పుడు దానికి పేన్లు పట్టాయి. తలలో పేను లాంటివి కావు, నల్లగా, నువ్వుగింజలో సగం ఉండి ఎగురుతాయి. మొదట తెల్ల లైనింగు గుడ్డ మీద నల్లటి నలుసులు కనబడ్డాయి. మట్టి అనుకుని తడి చేత్తో తుడిస్తే ఎర్రగా సాగింది. అది పిల్లి నెత్తురట, పురుగు తాగి విడిచింది. వేపనూనె రాశాను, కర్పూరం పెట్టాను. పిల్లి తుమ్మింది, పేన్లు అట్లాగే ఉన్నాయి. జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చిన ఒకామె నిలబడిన చోటే కాళ్లు గోక్కుని, గుడ్డ చుట్టుకుని వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

అంతకంటే పెద్ద తంటా చెంగమ్మతో. ఆమె మా ఇంటి ఓనరు, కింద ఉంటుంది. నిన్న చీర మోకాళ్ల దాకా ఎత్తి చూపించింది. కాళ్లనిండా దద్దుర్లు.

"సూడమ్మా తరన్నుమ్, ఎట్లయిపోయినాయో. నెలాకరు దాకా సూస్తా. ఆ తర్వాత ఆ పిల్లి అన్నా పోవల్ల, నువ్వన్నా పోవల్ల" అంది.

మీరు ముప్పై నాలుగేళ్లు పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేశారు. మన చుట్టాల్లో జంతువుల మందులు తెలిసినవాళ్లు మీరొక్కరే. ఏం పూయాలో రాయండి.

మీ
తరన్నుమ్


పుంగనూరు,
జూన్ 14.

తరన్నుమ్‌కు దువాలతో.

పిల్లికి పేన్లు పట్టాయని చెప్పడానికి నీకు రెండు పేజీలు పట్టింది. అందులో నాలుగు అక్షరదోషాలు.

ముప్పై నాలుగేళ్లు నా దగ్గరికి జనం ఎద్దుల్ని తెచ్చారు, ఈనలేక పడిపోయిన ఆవుల్ని ఎడ్లబండి మీద వేసుకుని తెచ్చారు. మన పుంగనూరు పొట్టి ఆవులకు నేను వేసిన సూదుల్ని చూడటానికి పెద్ద డాక్టర్లు నిలబడేవాళ్లు. పాలిచ్చేదానికి, దున్నేదానికి, మోసేదానికి మందు వేశాను. మూతి నాక్కుంటూ కూర్చునేదానికి వేయలేదు. రిటైరయ్యి పన్నెండేళ్లయ్యాక నా మేనకోడలు నన్ను పిల్లి పేన్ల డాక్టరును చేసింది.

తినే వస్తువు పేరు తెచ్చి పిల్లికి పెట్టుకున్నావు. ఎలుకలు పట్టడానికి అంగడిలో బోను దొరుకుతుంది. బోనుకు పేన్లు పట్టవు, పాలు పోయనక్కర లేదు, బోను పెట్టుకున్న మనిషిని చూసి ఊళ్లో ఎవరూ నవ్వరు.

వేపనూనె, కర్పూరం ఎవరు చెప్పారు? ఫోన్లో బొమ్మలు చూసి నేర్చుకున్నావా? ఈ కాలం మనుషులకు ఫోన్లో ఎవడు ఏది చెప్పినా వైద్యమే.

నా మాట విను. దాన్ని గోనెసంచిలో వేసి మూతి కట్టి, ఫహీమ్ లారీలో పెట్టి, పలమనేరు దాటాక వదిలేయమను. నీ ఓనరమ్మ కాళ్లు నయమవుతాయి. నీ పని నడుస్తుంది. ఇంతకంటే మంచి మందు ఏ పుస్తకంలోనూ లేదు.

బాబు సాహెబ్


మదనపల్లె,
జూన్ 19.

మామూకు సలాం.

నేను మందు అడిగాను, గోనెసంచి అడగలేదు. గోనెసంచులు మదనపల్లెలో కూడా దొరుకుతాయి.

మీ ఉత్తరాన్ని ఫహీమ్‌కు చదివి వినిపించాను. ఆయన, మీ మామకు మందు తెలియదేమో, అందుకే అరుస్తున్నాడు, అన్నాడు. నేను ఒప్పుకోలేదు. కానీ ఆవులకు పురుళ్లు పోసిన చేతికి ఒక పిల్లి ఒంటిమీది పురుగును తీయడం చేతకాదంటే వినడానికి ఎట్లా ఉంటుందో మీరే ఆలోచించండి.

పేన్లు ఇప్పుడు చాపలోకి, పరుపులోకి కూడా వచ్చాయి. చెంగమ్మ రోజూ పొద్దున మెట్ల మీద నిలబడి నాకు కాళ్లు చూపిస్తోంది. నెలాఖరుకు పదకొండు రోజులుంది. జిలేబీ మెడ దగ్గర గీరి గీరి బొచ్చు ఊడి పుండు పడింది. అది గీరుకుంటున్న చప్పుడు మిషను ఆపితే వినిపిస్తుంది.

మీకు చెప్పడం ఇష్టం లేకపోతే చెప్పకండి. మీ కూతురు జుబేదా ఆపాకు పిల్లుల సంగతి తెలుసు కదా. ఆపా వాళ్ల అమ్మీ ఉన్నప్పుడు మీ ఇంట్లో ఒక పిల్లి ఉండేది, నాకు గుర్తుంది. ఆపా కుప్పం వెళ్లిపోయాక మీ ఇంటికి రాదని తెలుసు, మీకు కోపం వస్తుందని ఇన్నాళ్లూ ఆమెకు రాయలేదు. ఇప్పుడు ఆమెనే అడుగుతాను.

తరన్నుమ్


పుంగనూరు,
జూన్ 23.

తరన్నుమ్‌కు.

జుబేదాను అడగాల్సిన పని లేదు. ఆమె బడిలో లెక్కలు చెప్పుకునే మనిషి. ఆమెకు ఏ మందూ తెలియదు. మా ఇంటి విషయాల్లోకి నీ పిల్లిని తీసుకురావొద్దు.

మందు కావాలన్నావు, రాసుకో. పశువుల మందుల షాపులో పిడుదుల మందు అడుగు. పశువుల ఒంటికి పూసేది. బకెట్ నీళ్లలో ఒక మూత పోసి, మెడ నుంచి తోక దాకా తడుపు. కడగొద్దు. ఎండలో ఆరనీ. ఆవు ఒంటి మీద శనగగింజంత పిడుదులు దానికి రాలిపోతాయి, నీ పిల్లి పేన్లు ఎంత.

ఇంక దీని గురించి నాకు ఉత్తరం రాయకు. జుబేదాకు అసలు రాయకు.

బాబు సాహెబ్


మదనపల్లె,
జూలై 2.

మామూకు.

రాయొద్దన్నారు. రాయక తప్పదు.

శుక్రవారం మధ్యాహ్నం మీరు చెప్పినట్టే చేశాను. బకెట్ నీళ్లు, ఒక మూత. మీరు రాసిన కాగితం గోడకు గుండుసూదితో గుచ్చి, చూసుకుంటూ చేశాను. జిలేబీ గోళ్లతో నా చేయి చీరింది, అయినా వదల్లేదు. మిద్దె మీద ఎండలో పెట్టాను. పేన్లు రాలాయి. ఆ మాట మటుకు నిజం.

గంట తర్వాత చూస్తే దాని చెవులు రెండూ అదురుతున్నాయి. నోటి నుంచి నురగ. కాలిన నేల మీద నడిచినట్టు ఒక్కో కాలూ ఎత్తి ఎత్తి వేస్తోంది. నా దగ్గరికి రావాలని చూసింది. రెండడుగులు వేసి పక్కకు పడింది. ఇంక ఒళ్లంతా కొట్టుకోవడం మొదలైంది. కళ్లు తెరిచే ఉన్నాయి, నన్ను చూడటం లేదు.

లైనింగు గుడ్డలో చుట్టి ఆటోలో పశువుల ఆసుపత్రికి పరుగెత్తాను. అక్కడ నీలిమ అని ఒక డాక్టరమ్మ ఉంది, నాకంటే చిన్నది. గుడ్డ వాసన చూసి, ఏం పూశారని అడిగింది. చెప్పగానే గోరువెచ్చని నీళ్లు తెప్పించి, గిన్నెలు తోమే సబ్బుతో రెండుసార్లు కడిగింది. సూది వేసింది. అది కొట్టుకోవడం కొంచెం తగ్గాక నా వైపు తిరిగింది.

"ఆవుకు ఏం కాదమ్మా ఈ మందు. పిల్లికి విషం. దాని ఒంటికి ఈ మందును విరిచే శక్తి లేదు. ఎవరు పూయమన్నారు?"

షాపువాడు అన్నాను.

ఎందుకట్లా అన్నానో ఇంటికి వచ్చేదాకా ఆలోచిస్తూనే ఉన్నాను. పాపం ఆ షాపువాడు, ఇచ్చేటప్పుడు ఆవుకేనా అని కూడా అడిగాడు. అవునన్నాను. మీ పేరు బయటికి రావడం నాకు ఇష్టం లేకపోయింది, అంతే.

జిలేబీ రెండు రోజులు ఆసుపత్రిలోనే ఉంది. మూడో రోజు నీళ్లు తాగింది. ఇప్పుడు ఇంట్లో ఉంది. నడుస్తుంటే వెనకకాళ్లు తేలిపోతున్నాయి. ఎడమ చెవి ఇంకా అదురుతోంది. పిల్లుల కోసమే చేసిన చుక్కల మందు ఒకటి ఉందట, మెడ వెనక వేస్తారు. ఒళ్లు కోలుకున్నాక గాని వేయకూడదన్నారు. ఇల్లు ఊడ్చి, గుడ్డలు వేడినీళ్లలో ఉడకబెట్టకపోతే ఏ మందు వేసినా పేన్లు మళ్లీ వస్తాయట. గుడ్లు గుడ్డముక్కల్లో ఉంటాయట.

మామూ, మీకు ఈ సంగతి తెలియదా? మిమ్మల్ని తప్పు పట్టడానికి కాదు, తెలుసుకోవడానికి అడుగుతున్నాను.

తరన్నుమ్


పుంగనూరు,
జూలై 7.

తరన్నుమ్‌కు.

ఒక మూత అన్నాను. నీ చేతిలో మూత ఎంతో ఎవడికి తెలుసు. ఆడవాళ్లు కూరలో ఉప్పు వేసినట్టు మందు వేస్తే అట్లాగే అవుతుంది.

నిన్నగాక మొన్న కాలేజీ నుంచి వచ్చిన పిల్ల ఒకటి నాకు మందులు నేర్పుతుందా? మా కాలంలో డాక్టర్లకు మోచేతి దాకా పేడ ఉండేది. ఇప్పటివాళ్లు చేతికి తొడుగు లేకుండా కుక్కపిల్లను ముట్టుకోరు. రోగం కనిపెట్టలేనప్పుడు విషం అంటారు. వినేవాళ్లు బెదిరిపోతారు.

పిల్లులకు వంద కారణాలతో వణుకు వస్తుంది. ఎండ తగిలి ఉంటుంది. మిద్దె మీద ఏ తేలో కుట్టి ఉంటుంది. అయినా బతికిందని నువ్వే రాశావు. బతికినదానికి ఇంత గోల ఎందుకు?

షాపువాడని చెప్పావు. అదొక్కటి తెలివిగా చేశావు. దాన్ని అట్లాగే ఉండనీ.

బాబు సాహెబ్


కుప్పం,
జూలై 18.

బాబు సాహెబ్ గారికి,

నేను కుప్పంలో జుబేదా ఆపా ఇంట్లో ఉన్నాను. చెంగమ్మ నెలాఖరు గడువును పది రోజులు పొడిగించింది, పిల్లి ఒంట్లో బాగాలేదని ఆమెకు కూడా జాలి వేసింది. కానీ పేన్లకు జాలి లేదు. పదో తేదీన ఆమె మిషను పక్కన నిలబడి, ఇంక నా వల్ల కాదు అంది. ఫహీమ్ లారీ మీద ఉన్నాడు. బుట్టలో జిలేబీని పెట్టి, పైన గుడ్డ కట్టి, పలమనేరులో బస్సు మారి ఇక్కడికి వచ్చాను.

ఆపా తలుపు తీసి నన్ను చూసి సంతోషపడింది. బుట్ట విప్పాక దాని చెవి చూసింది. చాలాసేపు చూసింది.

"పిడుదుల మందు పూసినావా?" అంది.

నేను ఇంకా ఏమీ చెప్పలేదు. అవునన్నాను.

"ఎవురు సెప్పినారు?"

ఈసారి షాపువాడనలేదు. ఆపా కుర్చీలో కూర్చుండిపోయింది. తర్వాత మొత్తం చెప్పింది. పదకొండేళ్లుగా ఎవరికీ చెప్పలేదట. కన్నతండ్రి గురించి ఊళ్లో చెప్పుకోవడం ఆమెకు నచ్చలేదు. మీ కూతురికి ఉన్న ఆ సిగ్గు మీకు లేకపోయింది.

ఆపా వాళ్ల అమ్మీ చనిపోయిన ఏడాది జరిగింది. అమ్మీ పెంచిన రేష్మా అనే పిల్లి. అమ్మీ నమాజు చాప మీదే అది పడుకునేదని, అమ్మీ పోయాక ఆ చాపను ఆపా తీయలేదని చెప్పింది. దానికి పేన్లు పడితే మీరు విసుక్కున్నారు. ఆపా బడి నుంచి వచ్చేసరికి రేష్మా పెరట్లో తడిసిన గోనె మీద కొట్టుకుంటోంది. స్నానాలగది కిటికీలో మందు సీసా ఉంది. ఒళ్లంతా ఆ వాసనే. ఆపా చేతుల్లోనే చచ్చిపోయింది. మీరు బయటి నుంచి వచ్చి, పాము కరిచింది అన్నారు.

అక్కడితో ఆగినా బాగుండేది. మర్నాడు ఒక పామును చంపి తెచ్చి గోడ మీద వేశారు. ఇదే కరిచింది, సూడు, అన్నారు. అది జెర్రిపోతు. దానికి విషం ఉండదని పుంగనూరులో పేడ ఎత్తేవాళ్లకు కూడా తెలుసు. ఆపా ఆ మాటే అంటే, పిల్లి కోసం ఏడ్చేవాళ్లను నేను మనుషుల్లో లెక్కెయ్యను, అన్నారట. నెల తిరక్కముందే ఆమె కుప్పంలో ఉద్యోగం చూసుకుని వచ్చేసింది. పిల్లి పోయిందని రాలేదు. అబద్ధం చెప్పి, దానికి సాక్ష్యంగా ఇంకో ప్రాణిని చంపిన మనిషితో ఒక ఇంట్లో అన్నం తినలేక వచ్చింది.

నాకు మీరు మందు రాసింది నేను ఆపా పేరు ఎత్తాకే. ఇప్పుడు అర్థమైంది. ఆమెను అడిగితే ఈ సంగతి తెలుస్తుందని భయపడ్డారు. మీకు తెలుసు. నా పిల్లి చావొచ్చని తెలిసే ఒక మూత అని రాశారు. పైగా నా చేతిని, ఆ డాక్టరమ్మ చదువును వెక్కిరించారు. నేను మీ పరువు కాపాడటానికి ఏ పాపం తెలియని షాపువాడి మీద నేరం వేశాను. దానికి నాకు సిగ్గుగా ఉంది. మీకు ఏ మాత్రం లేదని ఏడో తేదీ ఉత్తరంలో రాసుకున్నారు.

చిన్నప్పుడు మీరు సైకిల్ మీద మందుల పెట్టె కట్టుకుని పోతుంటే, అదిగో మా మామూ అని అందరికీ చూపించేదాన్ని.

తరన్నుమ్


మదనపల్లె,
ఆగస్టు 5.

తరన్నుమ్‌కు.

ఈ ఉత్తరం నీ కుట్టుగదిలో కూర్చుని రాస్తున్నాను. ఫహీమ్ తాళం ఇచ్చాడు.

నీ ఉత్తరం చేరిన రోజు చించేద్దామనుకున్నాను. మూడు రోజులు జవాబులు రాశాను. ఒకదానిలో నిన్ను తిట్టాను, ఒకదానిలో జుబేదాను, ఇంకోదానిలో ఇద్దర్నీ. చదువుకుంటే అన్నీ జెర్రిపోతులే. నాలుగో రోజు బస్సెక్కి మదనపల్లెకు వచ్చి నేరుగా ఆ పశువుల ఆసుపత్రికి పోయాను. కుక్కలు, పిల్లులు పట్టుకున్నవాళ్ల వరసలో ఉత్త చేతులతో నిలబడ్డాను. నా వంతు వచ్చాక, ఆ చారల పిల్లికి మందు చెప్పింది షాపువాడు కాదమ్మా, నేను, అని చెప్పాను. కాంపౌండరుగా చేశానని కూడా చెప్పాను. ముప్పై నాలుగేళ్లు చేసి ఇది తెలియదా అని ఆమె అడగలేదు. అడగకుండా చూసింది. తిట్టి ఉంటే ఎదురు మాట్లాడేవాణ్ణి.

తెలుసు అని నేనే అన్నాను.

నీకు కూడా అదే చెబుతున్నాను. మొదటిసారి, రేష్మాకు పూసినప్పుడు తెలియదు. ఆవుకు పనిచేసేది పిల్లికెందుకు చేయదు అనుకున్నాను. అది కొట్టుకోవడం మొదలుపెట్టగానే తెలిసింది. అప్పుడే కడిగి ఉంటే బతికేదేమో. నేను ఇంట్లోంచి బయటికి వెళ్లిపోయాను. జుబేదా వచ్చేదాకా మసీదు వీధి మూలన నిలబడ్డాను. ఊరంతా నన్ను డాక్టర్ సాబ్ అని పిలిచేది. పెళ్లాం ముద్దుగా పెంచుకున్న పిల్లిని, ఆమె పోయిన నాలుగు నెలలకు, నా చేత్తో చంపానని కూతురికి చెప్పడానికి నోరు రాలేదు. పాము అని నోటికొచ్చింది. ఆ తర్వాత పామును వెతకాల్సి వచ్చింది.

నీకు ఆ రోజు 'పూయొద్దు' అని రాయాల్సింది. ఆ మాట రాస్తే ఎందుకు వద్దో రాయాలి. అది రాయలేక నీ పిల్లిని చావుకు పంపాను. బతికితే, పదకొండేళ్ల కిందట కూడా అది మందు వల్ల కాదని నాకు నేను చెప్పుకోవచ్చని లోపల ఎక్కడో ఒక ఆశ కూడా ఉంది. అది ఇంకా నీచం.

ఇక్కడ పని సంగతి. డాక్టరమ్మ ఒక కాగితం మీద రాసిచ్చింది, బడిపిల్లవాడికి ఇచ్చినట్టు. అట్లాగే చేస్తున్నాను. నీ గుడ్డముక్కలు మూడు గోతాలయ్యాయి. పనికిరానివి కాల్చాను, మిగతావి చెంగమ్మ కాగులో ఉడకబెట్టాను. పరుపు, చాప రోజూ మిద్దె మీద ఎండకు వేస్తున్నాను. మిషను స్టాండు విప్పి కింద నేల పగుళ్లలో బ్రష్షుతో గీకి, సబ్బునీళ్లు పోశాను. గూళ్లలో ఉన్న పురుగులు కొన్ని రోజుల తేడాతో పుడుతూనే ఉంటాయట. అందుకే మళ్లీ మళ్లీ ఊడవాలి. పొద్దున తెల్ల పైజామా వేసుకుని గదంతా తిరుగుతాను, ఎన్ని ఎగిరి పట్టుకుంటాయో చూడటానికి. మొదటి రోజు పంతొమ్మిది. వారం తిరిగేసరికి ఆరు. నిన్న ఒకటి, ఈ రోజు ఏవీ లేవు.

చెంగమ్మ గడప దగ్గర నిలబడి రోజూ నా పనికి వంకలు పెడుతుంది. మొదటి రోజే, "ఏం సాయిబూ, ఆ మందు సెప్పింది నువ్వేనంట గదా" అంది. అవునన్నాను. "అయితే ఆ మూల ఇంగోసారి ఊడుసు" అంది. ఊడ్చాను.

నీ ఓనరమ్మ ఇక నిన్ను పొమ్మనదు. మాట తీసుకున్నాను. ఆ మందుల షాపుకు కూడా పోయి, నువ్వు చెప్పిన మాట తప్పని చెప్పి వచ్చాను.

ఈ ఉత్తరం జుబేదాకు చూపించొచ్చు.

బాబు సాహెబ్


కుప్పం,
ఆగస్టు 12.

మామూకు సలాం.

ఉత్తరం అందింది. ఆపా పరీక్షల పేపర్లు దిద్దుతుంటే పక్కన కూర్చుని చదివాను. పాము దగ్గరికి వచ్చేసరికి పెన్ను కింద పెట్టింది. కాగితం నా చేతిలోంచి తీసుకుని మళ్లీ మొదటి నుంచి తనే చదువుకుంది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

ఆమె అన్న మాటలు తీసివేయకుండా రాస్తున్నాను. మీరు కూడా ఈసారి ఏదీ తీసివేయలేదు కాబట్టి.

"సంపింది పుంగనూర్లో. ఊడ్సేదానికి మదనపల్లెకు పోయినాడు. ఈ కాగితం నీకు రాసినాడు, నాకు కాదు. సూపించొచ్చునంట. నాకు రాసేదానికి ఇంగా సెయ్యి రాలేదు. సెప్పల్లంటే నా ముందర నిలబడి సెప్పమను."

రమ్మన్నట్టా అని అడిగాను. రావొద్దని కూడా అనలేదు కదా అంది. తర్వాత పేపర్లు దిద్దుకోవడం మొదలుపెట్టింది. ఆ రోజు చాలా మందికి మార్కులు తక్కువ వచ్చి ఉంటాయి.

నేను మిమ్మల్ని క్షమించానని రాయడం లేదు. జిలేబీ ఇప్పుడు గోడ ఎక్కుతోంది, కానీ దిగేటప్పుడు తడబడుతుంది. అది చూసినప్పుడల్లా కోపం వస్తుంది. అయితే మీరు షాపువాడి దగ్గరికి పోవడంతో నేను పోవాల్సిన పని తప్పింది. అందుకు మామూ అని రాశాను.

ఇక్కడి డాక్టరు మెడ వెనక చుక్కల మందు వేశాడు. రోజూ సన్న దువ్వెనతో దువ్వి, దువ్వెనను సబ్బునీళ్లలో ముంచుతున్నాం. నాలుగు రోజులుగా ఒక్కటీ రాలడం లేదు. మెడ మీద బొచ్చు మొలుస్తోంది. ఆదివారం నేనూ జిలేబీ మదనపల్లెకు వస్తున్నాం.

తరన్నుమ్


కుప్పం,
ఆగస్టు 25.

తరన్నుమ్‌కు దువాలతో.

నిన్న ఇక్కడికి వచ్చాను. ఇది జుబేదా ఇంటి వసారాలో కూర్చుని రాస్తున్నాను.

ఇల్లు వెతకడానికే గంట పట్టింది. కూతురి ఇల్లు ఏదని రైల్వే స్టేషను దగ్గర నలుగురిని అడగాల్సి వచ్చిన తండ్రిని జనం ఎట్లా చూస్తారో చూశాను. ఆదివారం కాబట్టి ఇంట్లోనే ఉంది. తలుపు తీసింది. తల నెరిసింది ఆమెకు. నేను చూడలేదు కదా.

లోపలికి రమ్మనలేదు. మన ఇంటి మాట ఉర్దూలో కాక, కొత్తవాడితో మాట్లాడినట్టు తెలుగులో అడిగింది.

"రేష్మా ఎట్ల సచ్చిపోయింది?"

దారి పొడవునా చాలా మాటలు సిద్ధం చేసుకున్నాను. మీ అమ్మ పోయిన దుఃఖం, నా మతి సరిగా లేకపోవడం, అవన్నీ. అవి చెబితే ఆమె తలుపు వేసేస్తుందని మొహం చూడగానే తెలిసింది.

"నేను పూసిన మందుతో" అన్నాను. "కడిగింటే బతికుండేది. నేను కడగలేదు. పాము కరసలేదు."

"ఇంగ?"

"జెర్రిపోతును నేనే సంపి తెచ్చినాను. అది జెర్రిపోతని తెలిసే తెచ్చినాను."

ఆమె గడపలో నిలబడి విన్నది. ఇంత చిన్న మాటకు పదకొండేళ్లా అన్నట్టు చూసింది. ముప్పై నాలుగేళ్లలో ఎందరో పేదవాళ్లను నేను అట్లా చూశాను, పశువును ఆలస్యంగా తెచ్చారని. అటువైపు నిలబడితే ఎట్లా ఉంటుందో నాకు అప్పటిదాకా తెలియదు.

లోపలికి పోయి కుర్చీ తెచ్చి వసారాలో వేసింది. కూర్చోమనలేదు. కూర్చున్నాను. కొంతసేపటికి టీ గ్లాసు పక్కన పెట్టి పోయింది. లోపల మిక్సీ చప్పుడు, తర్వాత అన్నం వాసన. పళ్లెం కూడా వసారాకే వచ్చింది. నేను తింటుంటే ఆమె గడప లోపలి వైపు కూర్చుని పేపర్లు దిద్దింది. నీ పిల్లి వెనకకాళ్ల గురించి ఒక మాట అడిగింది. చెప్పాను.

పొద్దు వాలుతుంటే లేచాను. పలమనేరు బస్సు ఉంటుంది, పోతానన్నాను. పేపర్ల మీద నుంచి తల ఎత్తలేదు. చెప్పులు వేసుకుని మెట్టు దిగాక వెనక నుంచి వినిపించింది. ఈసారి మన ఇంటి మాటలో.

"బస్ కల్ భీ హై."

బస్సు రేపు కూడా ఉంటుందట. నా చెవుల మీద నాకు నమ్మకం లేదు, నీకు తెలుసు కదా. మళ్లీ అడిగే ధైర్యం లేక మెట్టు మీదే నిలబడ్డాను. ఆమె విసుక్కుంటూ లేచి వచ్చి, నా చేతిలో సంచి లాక్కుని లోపలికి పోయింది.

బాబు సాహెబ్